పట్టు తప్ప విడుపు తెలియని మందు

పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట. అనంతగిరి మీద మిషన్ వాళ్ల చిన్న ఆసుపత్రిలో నేను నర్సుని. డాక్టరమ్మ నెలకోసారి కింది నుంచి వచ్చేది. మిగతా రోజులన్నీ నాదే పెత్తనం. పట్నంలో చదివొచ్చానని నాకు తగని గర్వం.

బీరువాలోని ఒక మందంటే డాక్టరమ్మకే భయం. ఎద్దు మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుంది, దాని రసం. ఇప్పుడు హార్మోను అంటున్నారు. కాన్పయ్యాక నెత్తురు ఆగకపోతే ఆ సూది వేస్తాం, గర్భసంచి బిగుసుకుంటుంది. కానీ గుండె కూడా కండే, దానికి పట్టూ ఉండాలి, విడుపూ ఉండాలి అనేది ఆమె. ఈ మందు గుండెకు నెత్తురు తెచ్చే నాళాలనూ బిగిస్తుంది. గట్టి గుండె తట్టుకుంటుంది. జబ్బు గుండె సరిగా ముడుచుకోలేదు, ముడుచుకున్నా వదులు కాలేదు. అందుకే సూదికి ముందు అడగమని ఒక ప్రశ్న రాసిచ్చింది: మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?

ఆ చుట్టుపక్కల మెట్లున్న ఇల్లు ఒక్కటీ లేదు. నేను తెలివిగా ఆ ప్రశ్నలో మెట్లు తీసేసి కొండ పెట్టాను.

ఒక మధ్యాహ్నం డోలీలో ఒక బాలింతను మోసుకొచ్చారు. బిడ్డ క్షేమం, తల్లికి మాత్రం నెత్తురు ఆగడం లేదు. వెంట వచ్చిన ఆమె అమ్మను అడిగాను.

"కొండెక్కితే నీ కూతురికి ఆయాసం వస్తుందా?"

"కొండెక్కితే ఎవులికి రాదమ్మా? నీకు రాదేటి? బేగి ఏటో సెయ్యి!"

నిజమే కదా అనుకున్నాను. సూది వేశాను.

నెత్తురు ఆగింది. నేను సంబరపడేలోపే ఆమె మొహం పాలిపోయింది, పెదవులు నల్లబడ్డాయి. గుండె పట్టుకుని నా వైపే చూసింది. నా వేళ్ల కింద నాడి తడబడి, సన్నగిల్లి, ఆగిపోయింది.

ఆమె అమ్మ ఏడుస్తూనే చెప్పుకొచ్చింది. ఏటి నుంచి ఇంటికి చదును దారే, అయినా కూతురు బిందె దించి మూడు చోట్ల కూలబడేదట. ఆ సంగతి నేను అడిగితే కదా చెప్పడానికి.

రిజిస్టరులో చావుకి కారణం రక్తస్రావమని రాశాను. పిరికిదాన్ని. నిజం ఎవరికీ చెప్పలేదు.

మరుసటేడు ఆ అమ్మే రెండో కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్లకి ఏడో నెల.

"నీ అప్పకి నెత్తురు ఆపింది ఈయమ్మేనే. దానికి ఆయుస్సు నేక పోనాది గానీ," అని కూతురికి నన్ను చూపించి, నా చెయ్యి తీసుకుని ఆ పిల్ల కడుపు మీద పెట్టింది.