మిద్దె మీద ఇరవై రెండు బండ్లు

2022 అక్టోబరు 11, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారికి కాస్త లోపలగా ఉన్న ఒక ప్రాథమిక పాఠశాల. ఇంజనీరుగా రిటైరయ్యాక పాత బడుల మరమ్మతులు తనిఖీ చేసే పని నాకు అప్పగించారు. హిందూపురం నుంచి బస్సులో వెళ్లి, పని చూసి, సంతకం పెట్టి వచ్చేదాన్ని. ఆ బడికి అది నా మూడో రాక.

నేలకు కొత్త టైల్స్, పన్నెండు కొత్త బల్లలు, గోడకు టీవీ, పది రోజుల కిందట వేసిన రంగు. పెద్ద గదిలో ముప్పై నలుగురు పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు. వాళ్ల తలల మీద దూలం గోడలోకి దిగిన చోట, రంగులో వెంట్రుకంత చీలిక కనిపించింది. పాత గోడకు చీలికలు ఉంటాయి. పది రోజుల రంగు చీలిందంటే మాత్రం, గోడ ఈ పది రోజుల్లో కదిలిందన్నమాట.

నిచ్చెన తెప్పించమన్నాను. ముందు రెండుసార్లూ నిచ్చెన లేదంటే సరేనని కిందనుంచే చూసి సంతకం పెట్టాను.

బండలు పరిచి మట్టి కప్పిన పాత మిద్దె అది. నిచ్చెనెక్కి మట్టిలోకి గడ్డపార దించితే పద్నాలుగు అంగుళాలు దిగింది. ఉండాల్సింది నాలుగు. తల్లిదండ్రుల కమిటీ పెద్ద శేషప్ప కింద నిలబడి నవ్వాడు.

"ఏందమ్మా, మట్టిని సూసి బెదురుకుంటాండారే! ఇరవై రెండేండ్ల కింద ఈ మిద్దె కారింది. అప్పట్నుంచి ఏటా వానలకు ముందర మా ఇంటి బండితో చౌడు నేనే ఏస్తాండా. ఒక్క సుక్క కారిందేమో టీచరమ్మను అడగండి."

కారలేదు. చౌడు తడిస్తే బిగుసుకొని నీటిని దిగనివ్వదు. చౌడు వేయడంలో లోపం లేదు, పాత మట్టి తీయకుండా కొత్తది వేయడంలో ఉంది. అలా పేరుకున్న మట్టిని మేం డెడ్ లోడ్ అంటాం, కప్పు ఎప్పటికీ మోయాల్సిన బరువు.

"ఒక బండికి ఎంత పడుతుంది శేషప్పా?"

"ఆరు నూర్ల కేజీలు."

"ఇరవై రెండు బండ్లకు?"

లెక్క వేస్తూ ఆయన పెదాలు కదిలాయి. "పదమూడు వేల రెండు నూర్లు."

నా లెక్క కూడా దగ్గరదగ్గర అంతే వచ్చింది: ఇరవై అడుగుల పొడవు, పద్దెనిమిది అడుగుల వెడల్పు, ఎక్కువైన పది అంగుళాల మందం, పదమూడున్నర టన్నులు. అప్పుడే చినుకు మొదలైంది. తడిస్తే ఆ బరువు ఇంకా పెరుగుతుంది.

టీచరమ్మ ఎక్కాలు ఆపించి బయటికొచ్చింది. "పైనుంచి ఆర్డరు లేకుండా బడి వదిలితే నన్ను అడుగుతారు మేడమ్."

ఆఫీసుకు నాలుగుసార్లు ఫోను చేశాను. ఎవరూ ఎత్తలేదు.

"నా పేరు చెప్పండి. పిల్లల్ని తీయండి."

శేషప్ప లోపలికి పరుగెత్తాడు. చిన్నవాళ్లను ఇద్దరిద్దరిగా చంకనెత్తుకొని, వానలో తన విత్తనాల కొట్టానికి చేర్చాడు. పన్నెండు నలభైకి ముప్పై నాలుగు తలల లెక్క సరిపోయింది.

తర్వాత ఆయన బల్లల కోసం వెనక్కి తిరిగాడు.

"వద్దప్పా, లోపలికి పోవద్దు!"

"ఊరి సొమ్మమ్మా. కొత్తవి. రెండు నిమిషాలు."

మూడు బల్లలు బయటికొచ్చాయి. నాలుగోది గుమ్మం దాటుతుండగా, పన్నెండు యాభై రెండుకు, దూలం విరిగి కప్పు కూలింది. ఆయన గుమ్మం బయటే ఉన్నాడు, చెయ్యి మాత్రం బల్ల వెనక కొసన ఉంది.

ధర్మవరం ఆసుపత్రిలో కట్టు కట్టించుకొని ఆయన అడిగిన మొదటి మాట: "నేను ఏసిన మట్టేనా అమ్మా?"

"మట్టి నువ్వు వేశావు. ఎక్కి చూడాల్సింది నేను," అన్నాను.

అప్పటినుంచి నిచ్చెన లేని బడిలో సంతకం పెట్టను. అంతకుముందు ఏం పాడైందని మాత్రమే అడిగేదాన్ని, ఇప్పుడు ఏటా ఏం చేస్తారని కూడా అడుగుతున్నాను.

ఆ రోజు పోయినవి: గది ఒకటి. టీవీ ఒకటి. బల్లలు తొమ్మిది. శేషప్ప కుడిచేతి వేళ్లు రెండు.