పసుపు కడిగాక

పాప పుట్టిన నాలుగో రోజు పాలకి లేపితే లేవలేదు. అరికాలు గిల్లితే కాస్త మూలిగి, రెండు గుక్కలు తాగి మళ్ళీ నిద్రపోయింది. అంతకుముందు ఏడుపుతో ఇల్లెగరగొట్టిన పిల్ల.

మా అమ్మ లేదు కాబట్టి గాజువాకలో అత్తవారింట్లోనే పురుడు పోసుకున్నాను. గాలి తగలకూడదని పురిటిగది కిటికీ మూసేశారు. అత్త రోజూ పాపకి ఒళ్ళంతా పసుపు పట్టించి నీళ్ళు పోసేది. గుడ్డి బల్బు వెలుతురులో మనవరాల్ని చూసి, "మా గుంట బంగారం" అని మురిసిపోయేది. ఆ రోజు తలుపు తీసి చూస్తే కంటి తెల్లగుడ్డు కూడా పచ్చగా ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్దామన్నాను.

"పసుపు రాత్తన్నాం కదే, పచ్చగా కాక ఎలాగుంటాది? పురుడెల్లకుండా పిల్లని గడప దాటిత్తావేటి?" అంది అత్త.

"కంట్లో రాయలేదు కదత్తా," అన్నాను.

ఆవిడ వంగి పాప కళ్ళు చూసింది. పాపని కొంగులో చుట్టుకుని తనే ముందు నడిచింది. పోర్టుకి డ్యూటీకెళ్ళిన మా ఆయన కోసం ఆగకుండా సిటీబస్సెక్కాం.

డాక్టరమ్మ చూస్తూనే, "ముందు ఈ పసుపు తుడవండి. నాకు ఒంటి రంగు కనపడాలి" అంది. నర్సు తడిదూదితో తుడిచింది. దూది పచ్చబడింది గాని పాప రంగు మారలేదు. అత్త ఆ దూది తీసుకుని తనే మళ్ళీ తుడిచింది.

"ఇది పోదేటమ్మా?" అని అడిగింది. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

"ఇది జాండిస్, పచ్చకామెర్లు. పుట్టిన పిల్లలకి చాలావరకు దానంతటదే తగ్గుతుంది. మరీ ఎక్కువైతే మెదడుకి దెబ్బ. రక్తంలో ఈ పచ్చదనం ఎంతుందో బిలిరుబిన్ టెస్టు చేద్దాం," అంది డాక్టరమ్మ.

ఎక్కువే వచ్చింది. ఫోటోథెరపీ అని, కళ్ళకి గంతలు కట్టి నీలం లైట్ల కింద పడుకోబెట్టారు. మర్నాటి టెస్టులో ఇంకా పెరిగింది. "రేపటికీ దిగకపోతే రక్తం మార్చాలి," అన్నారు. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. నేను పాలు పిండి చెంచాతో పట్టిస్తుంటే, అత్త తడిగుడ్డలు మారుస్తూ, "ఉచ్చ పోత్తంది, పర్నేదు" అని ధైర్యం చెప్పేది.

మూడో టెస్టులో దిగింది. రక్తం మార్చే పని లేకుండానే ఇంటికొచ్చాం.

పాప ఇప్పుడు రెండో తరగతి. పొద్దున్న ఎంత లేపినా లేవదు, కానీ అది ఒట్టి బద్ధకం. నేను చెప్పేది ఒకటే. పుట్టిన పిల్లని రోజూ పసుపు లేకుండా, పగటి వెలుగులో ఒకసారి చూడండి. కళ్ళు పచ్చబడినా, పాలకి లేవకపోయినా పురుడు వెళ్ళేదాకా ఆగకండి.

మా వీధిలో ఈ మాట నాకంటే ముందు అత్తే చెబుతుంది. ఎవరి పురిటింటికి వెళ్ళినా ముందు కిటికీ తీసేస్తుంది. "పసుపు తరవాత రాద్దురుగాని. ముందు గుంట కల్లు సూడనియ్యండి," అంటుంది.