గొంతు సవరించుకున్న మాస్టారు

మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులు. ఆఖరి పదేళ్లూ తిరువూరు నుంచి రోజూ బస్సులో పెనుగొలను వెళ్లి పాఠాలు చెప్పి వచ్చేవారు. రిటైరైన రెండో ఏడు ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. విజయవాడలో పరీక్షలు చేయిస్తే గొంతులో కాన్సరని తేలింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింది భాగంలో ఊపిరి పీల్చుకోవడానికి ఒక చిన్న రంధ్రం మిగిలింది. ప్రాణం దక్కింది, మాట పోయింది.

మెడకు ఆనించి మాట్లాడే మిషను ఒకటి తెచ్చాం. అందులోంచి వచ్చే మోతను నాన్న రెండుసార్లు విని, దాన్ని మళ్లీ డబ్బాలో పెట్టేశారు. ఆ తర్వాత ఏం చెప్పాలన్నా నోట్‌బుక్కులో రాసేవారు. అమ్మ కళ్లజోడు వెతుక్కుని చదివేలోపు ఆయనకు విసుగొచ్చేది. క్రమంగా రాయడం కూడా తగ్గించారు. చూడటానికి వచ్చినవాళ్లు ఆయనకేదో చెవుడు వచ్చినట్టు గట్టిగా అరిచి పలకరించేవారు. నాన్న తల ఊపి, కాసేపు కూర్చుని, లోపలి గదిలోకి వెళ్లిపోయేవారు. చర్చికి రావడం కూడా మానేశారు. పాటలప్పుడు అందరి మధ్యా ఊరికే నిలబడలేనని అమ్మకు రాసి చూపించారట.

నేను ఇంటి నుంచే కంప్యూటరు మీద పనిచేస్తాను. కాలేజీ రోజుల నుంచీ నాకు ఒక ఆన్‌లైన్ ఆట అలవాటు. అదొక కల్పిత రాజ్యం. ఎక్కడెక్కడి మనుషులో అందులో ఒక్కో బొమ్మ మనిషిని నడుపుతూ, జట్లు కట్టి రాక్షసుల మీదికి వెళుతుంటారు. మాట్లాడాలంటే తెర అడుగున టైపు చేయాలి. ఏటవాలు గీత, అదే స్లాష్, ఒకటి కొట్టి పక్కన ‘వేవ్’ అని టైపు చేస్తే మన బొమ్మ చెయ్యి ఊపుతుంది. ‘బౌ’ అంటే వంగి నమస్కరిస్తుంది. ‘సిట్’ అంటే కూర్చుంటుంది.

ఒక సాయంత్రం నేను ఆడుతుంటే నాన్న వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు. నోట్‌బుక్కు నా ముందు పెట్టారు. “ఎవరికి చెయ్యి ఊపావు?” అని రాసి ఉంది.

“తెలీదు నాన్నా. ఎవరో ఎదురొచ్చారు, పలకరించాను.”

“అక్కడ ఎవరూ నోటితో మాట్లాడరా?”

“ఎక్కువమంది మాట్లాడరు. టైపు చేస్తారు.”

ఆయన పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆరోజు భోజనానికి అమ్మ రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

వారంలోగా నా పాత లాప్‌టాప్‌లో ఆయనకూ ఒక బొమ్మ తయారైంది. తెల్లగడ్డం, పొడుగు అంగీ. పేరు ‘మాస్టారు’ అని పెట్టుకున్నారు. కమాండ్లన్నీ నోట్‌బుక్కులో ఎక్కించుకుని, పరీక్షకు చదివినట్టు చదివారు. ఒక మధ్యాహ్నం ‘లాఫ్’ అనే కమాండు కొట్టారు. తెర మీది ముసలాయన పొట్ట పట్టుకుని మగగొంతుతో పెద్దగా నవ్వాడు. వంటింట్లోంచి అమ్మ చేతిలో గరిటెతో గబగబా వచ్చింది.

“ఎవరే నవ్వింది?”

నేను తెర చూపించాను. అమ్మ నాన్న వైపు చూసింది. “ఇంకోసారి నవ్వించండి,” అంది. ఆయన నవ్వించారు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, పొయ్యి మీద కూర ఉందంటూ వెళ్లిపోయింది.

ఆ ఆటలో ‘మీ’ అని, ఇంగ్లీషులో ‘నేను’ అన్నట్టు, ఒక కమాండు ఉంది. స్లాష్ కొట్టి అది టైపు చేసి, పక్కన మనకు తోచిన పని ఏదైనా రాయవచ్చు. మన బొమ్మ ఆ పని చేసినట్టు అందరికీ అక్షరాల్లో కనిపిస్తుంది. నాన్నకు అన్నిటికన్నా నచ్చింది అదే. కొత్తగా ఆటలోకి వచ్చేవాళ్లందరూ మొదట ఒక కోట గుమ్మం ముందు దిగుతారు. నాన్న రోజూ సాయంత్రం ఆ గుమ్మం పక్కన తన బొమ్మను కూర్చోబెట్టేవారు. ఎవరైనా దారి తెలియక తిరుగుతుంటే చెయ్యి ఊపి పిలిచి, మెల్లగా నేర్పేవారు. నేర్పే ముందు ప్రతిసారీ తెర మీద ఒక వాక్యం వచ్చేది: ‘మాస్టారు గొంతు సవరించుకున్నారు.’ క్లాసులో ఆయనకున్న అలవాటది. మొదటిసారి అది చూసినప్పుడు నేను లేచి పెరట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

ఆ వేసవిలో మా జట్టు ఒక పెద్ద రాక్షసుడితో యుద్ధానికి సిద్ధమైంది. జట్టులో పదిమందిమి, నాన్నతో కలిపి. మా నాయకుడు హైదరాబాదులో ఉంటాడని తప్ప అతని గురించి నాకేమీ తెలియదు. ఒక ఆదివారం హెడ్‌ఫోనులో అతను అన్నాడు, “ఈసారి అందరూ వాయిస్‌లోకి రావాలండి. టైపు చేస్తూ కూర్చుంటే గెలవలేం. మీతో వచ్చే ఆ మాస్టారు వస్తారా?”

“రారండి. ఆయన కొత్త, కొంచెం స్లో. ఆయన్ని వదిలేద్దాం,” అన్నాను.

ఆయన మా నాన్న అనలేదు. ఆయనకు గొంతు లేదనీ అనలేదు. ఆ మాట అంటే అవతల వచ్చే నిశ్శబ్దమూ, ఆ తర్వాత వచ్చే జాలీ నాకు ఇష్టం లేకపోయాయి. నాన్న అదే గదిలో, నాకు నాలుగడుగుల దూరంలో, లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నారు.

ఆయన తన బొమ్మను గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, లాప్‌టాప్ మూసి, బయటికి నడిచారు. మర్నాడు ఆట తెరవలేదు. ఆ వారమంతా తెరవలేదు.

“నాన్నని ఏమన్నావే?” అని అమ్మ అడిగింది. చెప్పాను. తిడుతుందనుకున్నాను. “చూడ్డానికి వచ్చినవాళ్లు అరిచి మాట్లాడతారని లోపలికి పోయేవారు. ఇప్పుడు లోపల కూడా చోటు లేకుండా చేశావు,” అంది.

ఆయన నోట్‌బుక్కు లాప్‌టాప్ కిందే ఉంది. తెరిచాను. ఒక పేజీ నిండా ఆ యుద్ధం కోసం రాసుకున్న మాటలే. ఏ క్షణంలో ఏది టైపు చేయాలో, ప్రతి మాటకూ వీలైనంత చిన్న రూపం వెతుక్కున్నారు. వెనక్కి. ఆగు. నేనున్నా. ఎదురుగా ఎన్ని సెకన్లలో టైపు చేయగలిగారో పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నారు. కొట్టేసి మళ్లీ రాశారు. మా వేగం అందుకోవాలని ఆయన సాధన చేశారు.

నోటితో చెప్పడానికి ధైర్యం చాలక ఆ తర్వాతి పేజీలోనే క్షమాపణ రాసి ఆయనకు ఇచ్చాను. నాన్న చదివారు. జేబులోంచి పెన్ను తీసి, నేను తప్పు రాసిన ఒక ఒత్తు దిద్దారు. పుస్తకం తిరిగిచ్చి, నా తల మీద చెయ్యి పెట్టారు. తీసేలోపు చాలాసేపు గడిచింది.

తర్వాతి ఆదివారం జట్టుకు ఉన్నదున్నట్టు చెప్పాను. నేను భయపడిన నిశ్శబ్దం వచ్చింది. కాసేపటికి నాయకుడు అన్నాడు, “ముందే చెప్పొచ్చు కదండీ. నేనే వాయిస్ అన్నాను, నాదే తప్పు.” ఆరోజు పదిమందీ హెడ్‌ఫోన్లు తీసేసి, టైపు చేస్తూనే ఆ యుద్ధానికి వెళ్లాం. మూడుసార్లు ఓడిపోయాం. మూడోసారి ఓడాక నాన్న ‘మళ్లీ’ అని టైపు చేశారు. ఆ రాక్షసుణ్ణి మేం ఇప్పటికీ గెలవలేదు. ఆ జట్టులో ముగ్గురు మానేసి వేరే జట్టులోకి వెళ్లారు కూడా. వాళ్లను తప్పుపట్టలేను.

నాన్న తన సాయంత్రం బడికి తిరిగి వెళ్లారు. మొన్న వానాకాలంలో ఒకామె ఆయన దగ్గర నెలరోజులు ఆట నేర్చుకుంది. ఖమ్మం దగ్గర ఎక్కడో ఉంటుందట, ఇద్దరు పిల్లల తల్లి. ఒకరోజు, “మాస్టారూ, ఫోన్ నంబరు ఇవ్వండి, ఒకసారి థాంక్స్ చెప్పి పెట్టేస్తాను,” అని రాసింది.

నేను పక్కనే ఉన్నాను. ఆయన తరఫున ఏదో ఒకటి చెబుదామని చెయ్యి చాపాను. నాన్న నా చేతిని పక్కకు జరిపి, ఒక్కో అక్షరం చూసుకుంటూ టైపు చేశారు.

“నాకు గొంతు లేదమ్మా. ఆపరేషన్లో తీసేశారు. ఇక్కడే చెప్పు, చదువుకుంటాను.”

ఆ సంగతి ఆయన స్వయంగా ఒకరికి చెప్పడం అదే మొదటిసారి. అవతల నుంచి జవాబు రావడానికి కొంచెం ఆలస్యమైంది. ఈలోగా ఆయన కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తెర వైపు చూస్తూ కూర్చున్నారు.