పటంలో లేని మనిషి

నాగయ్యకు ఓదెలంటే రోత. పగ కాదు, పాలివాళ్ల తగాదా అంతకన్నా కాదు. అన్నం కలుపుతుంటే వేలికి వెంట్రుక తగిలితే ముద్ద ఎలా దిగదో, ఓదెలు గొంతు చెవిన పడితే నాగయ్యకు ఛాయ్ అలా దిగేది కాదు. అయినా భివండి కామత్‌ఘర్‌లో ఆ సందు మొత్తానికి తెలుగువాళ్ల ఛాయ్ హోటల్ ఒక్కటే. పగటి షిఫ్టు దిగేవేళకు ఓదెలు అక్కడ లేని రోజు లేదు.

ఓదెలు జాబర్. మొరాయించిన సాంచాలను, అంటే మరమగ్గాలను, విప్పి మళ్లీ నడిపించడం అతని పని. పనిలో మొనగాడే, ఆ మాట నాగయ్య కూడా ఒప్పుకునేవాడు. అయితే చేతికి అంటిన నూనె నోటికీ అంటినట్టుండేది. బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, ఏదో ఒకదానికి ఆ పేరెలా వచ్చిందో కథ అల్లేవాడు.

"భివండికి భివండని పేరెట్లొచ్చిందో ఎర్కనా? కోస్తా దిక్కాయన ఒకడు పెండ్లాంతోని రైలు దిగిండు. పోలీసాయన ఆపి 'యే కౌన్ హై?' అన్నడు. గాయన మర్యాదస్తుడు గదా, 'బీవీ అండి' అన్నడు. పోలీసాయన అది ఊరి పేరనుకొని బుక్కుల రాసుకున్నడు."

హోటలంతా ఘొల్లుమనేది. "మరి కాశేలి?" అని ఎవడో పక్క ఊరి పేరు ఎగదోసేవాడు.

"కాశికి పోతనని ఇల్లిడిచిన ముసలాయన ఒకడు పుల్ మీద మూడొద్దులు ట్రాఫిక్‌ల ఇర్కిండు. ఇసుగొచ్చి కింద ఖాడీ నీళ్లల్ల మూడు మునుగులు మునిగి ఎనక్కొచ్చిండు. 'యాడికెల్లి వస్తున్నవ్ తాతా' అంటే 'కాశికెల్లి' అన్నడు. గంతే!"

కథ అయ్యాక ఓదెలు గ్లాసు ఎత్తి, "గిదంత పచ్చి అబద్ధం. ఛాయొక్కటే నిజం, తాగుండ్రి" అనేవాడు. ఆ చివరి మాట నాగయ్య ఎన్నడూ వినలేదు. అప్పటికే గ్లాసు సగంలో వదిలేసి సందు మలుపు తిరిగిపోయేవాడు.

ఆ రోతకు కారణం ఉంది. నాగయ్యది కూనపులి ఇల్లు. పద్మశాలీల వాకిళ్లలో పటం విప్పి, కర్రతో ఒక్కో బొమ్మా చూపిస్తూ, మార్కండేయుడి కథ, ఆయన కొడుకు భావనారుషి తొలి బట్ట నేసిన కథ చెప్పే వంశం. నాగయ్య తండ్రి కరీంనగర్ పల్లెల్లో పటం భుజాన వేసుకుని నడిచినన్నాళ్లూ, శాలోళ్ల ఇంట పిల్లి కూడా కథ అయ్యేదాకా కదిలేది కాదట. తర్వాత శాలోళ్లంతా మగ్గాలు అటకెక్కించి భివండి బండెక్కారు. వినేవాళ్లు ఇక్కడికొచ్చాక చెప్పేవాడు అక్కడుండి ఎవరికి చెప్తాడు? నాగయ్యా వచ్చాడు. కథ చెప్పుకుని బతుకుదామని వచ్చి నాలుగు సాంచాలు నడిపే కూలీ అయ్యాడు.

మొదట్లో రెండు మూడేళ్లు చెప్పి చూశాడు. ముందు వరసలో ఇద్దరు ముసలివాళ్లు కునికేవాళ్లు, పక్క గదిలో టీవీ మోగేది. ఒక మార్కండేయ జయంతికైతే పటాన్ని స్టేజీ వెనకాల తెరగా కట్టి, దాని ముందు ఆర్కెస్ట్రా పెట్టారు. ఆనాడే పటం చుట్టి ట్రంకుపెట్టెలో వేశాడు. తొంభై ఆరులో వానకు పైకప్పు కారి పెట్టెలోకి నీళ్లు దిగాయి, పటంలో మూరెడు మేర రంగులు కలిసిపోయి ముదురు మరక అయింది. ఉన్న కథకు ఇద్దరు, లేని కథకు యాభైమంది! ఈ లోకం నోట్లో మన్ను పడ అని తిట్టుకుని షిఫ్టుకు పోయేవాడు.

ఓదెలు ఊళ్ల పేర్లతో ఆగినా పోయేది. ఒకరోజు ఇంటిపేర్ల మీద పడ్డాడు. ఎదురుగా గంజి బుచ్చిరాములు కూర్చున్నాడు. బుచ్చిరాములు నాగయ్య పక్క సాంచాల మీద పనిచేసేవాడు, మాట మెత్తన, మనిషి పీల.

"గంజోళ్ల తాత సంగతి చెప్తా ఇనుండ్రి," అన్నాడు ఓదెలు. "ఆకలికి ఆగలేక పడుగుకు పూసే గంజి కుండెడు తాగిండట. కడుపుల గంజి ఆరింది. మనిషి కట్టె లెక్క బిర్రుగైండు. నిలబడ్డకాడ్నే పానం పోయింది. పండవెడ్తే పండుతలేడు, వంచితే వంగుతలేడు. చివరికి బట్ట తాను మడత వెట్టినట్టు మడతవెట్టి తీస్కపోయిన్రు!"

అందరికన్నా ముందు నవ్వింది బుచ్చిరాములే. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తన వంశం మీద ఉమ్మేస్తుంటే పళ్లికిలించే మనిషిని చూసి నాగయ్యకు ఓదెలు మీదికంటే ఎక్కువ అసహ్యం పుట్టింది.

మిగతా కథలు ఛాయ్‌తో పాటే దిగిపోయాయి గానీ ఈ కథ మాత్రం అతుక్కుంది. బుచ్చిరాములు నిటారుగా నిలబడితే "గంజి పట్టిందా?" అనేవాళ్లు. ఏడాది తిరిగేసరికి సగంమంది అది నిజమే అనుకున్నారు. అతని బిడ్డ పూనం మరాఠీ బడిలో పదో తరగతి చదివేది. అదే సందు పిల్లలు అదే బడి, ఇంకేముంది, కథ అక్కడికీ పాకింది. పూనం పుస్తకాల మీద ఇంటిపేరు రాయడం మానేసింది. తండ్రి కొని తెచ్చిన కొత్త నోటుబుక్కు మీద ఆయన ముద్దుగా రాసిన 'గంజి'ని బ్లేడుతో గీకేసిందట. తల్లి కనకవ్వ ఈ మాట నాగయ్యతో చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండువేల ఒకటిలో బుచ్చిరాములు పోయాడు. పాతికేళ్లు పీల్చిన పత్తిదుమ్ము ఊపిరితిత్తుల్లో మిగిలిపోయింది. ఊరి నుంచి అన్న వచ్చేదాకా శవాన్ని ఆపారు. వాళ్లుండేది చాల్‌లో, వరస గదుల కూలీల మేడలో, రెండో అంతస్తు. మెట్లు ఎంత ఇరుకంటే పాడె మలుపు తిరగలేదు. చేసేది లేక శవాన్ని గుడ్డలతో కట్టి, నిలువునా పట్టుకుని, మెట్టు మెట్టుగా దించారు.

అప్పుడు వెనకనుంచి ఎవడో అన్నాడు: "గంజి మంచిగనే పట్టింది."

కిసుక్కుమని ఒక నవ్వు. దాని వెంట ఇంకో రెండు. శవం చంకలో చెయ్యి వేసి పట్టుకున్న నాగయ్యకు ఒళ్లంతా పురుగులు పాకినట్టయింది. థూ, ఇవీ ఒక మనుషులేనా! పేడలో పురుగు కూడా చచ్చిన పురుగును చూసి నవ్వదు. మెట్ల కింద ఓదెలు నిలబడి ఉన్నాడు. అతను నవ్వలేదు, తల కూడా ఎత్తలేదు. నాగయ్య మాత్రం ఆ పాపమంతా అతని నెత్తినే రుద్దాడు.

ఐదో రోజున కనకవ్వ నాగయ్య గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాగన్నా, దినాలనాడు పటం విప్పాలె. గంజోళ్ల పేరెట్లొచ్చిందో నలుగుట్ల నువ్వు చెప్పాలె. ఓదెలు చెప్పింది కాదు, అసలుది."

"పటంల ఇంటిపేర్లుండయి చెల్లే. గోత్రాలుంటయి..."

"మీ నాయినకు ఎర్కలేదా?"

"ఏమో, నాకైతే చెప్పలే."

"మరి ఎవలకెర్క?" ఆమె తలుపు రెక్క పట్టుకుంది. "ఆయన పోయిండు, పోనీ. పూనం 'నా పెండ్లి ఎప్పుడైతదో, గీ పేరెప్పుడు పోతదో' అంటున్నది. పదహారేండ్ల పొల్ల అన్నా! తండ్రి పేరు చెప్పుకోను సిగ్గువడుతున్నది. నువ్వు చెప్తే నమ్ముతరు. నీది పటం నోరు."

ఆరు రోజులు నాగయ్య సాంచాల మోతలో జ్ఞాపకాన్ని తవ్వాడు. తండ్రి పాడిన పాటలు అడుగూ బొడుగూ వచ్చాయి, గోత్రాలు సగం వచ్చాయి, గంజి మాత్రం రాలేదు. ఊళ్లో ఉన్న పినతండ్రికి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, "గంజికి కథేందిరా, పిచ్చి లేసిందా?" అని పెట్టేశాడు.

పదకొండో రోజు చాల్ వాకిట్లో పటం వేలాడింది. ఏళ్ల తర్వాత గాలి తగిలి నాఫ్తలీన్ వాసన గుప్పుమంది. సందు సందంతా వచ్చింది. ఓదెలు వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పూనం తల్లి పక్కన మోకాళ్లలో గడ్డం పెట్టుకుని నేల చూస్తోంది. నాగయ్య గొంతు సవరించుకుని మార్కండేయుణ్ణి ఎత్తుకున్నాడు. మొదట తడబడ్డాడు, తర్వాత తండ్రి గొంతే తనలోంచి వచ్చింది. భావనారుషి తామర తూళ్ల దారంతో తొలి బట్టకు పడుగు పోసే బొమ్మ దగ్గరికి వచ్చాక కర్ర ఆగింది. ఆ పక్కనే వాన నీటి మరక. నాగయ్య ఆ మరక మీద కర్ర ఆనించాడు.

"చూడుండ్రి, గీడున్నడు గంజోళ్ల మూలపురుషుడు!"

ఇక అబద్ధం దానంతటది నడిచింది. రుషి పోసిన దారం పోసినట్టే తెగిపోతోంది. బట్ట లేక దేవతలు సిగ్గుతో ముడుచుకుని ఉన్నారు. అప్పుడొక పేదవాడు తన వంతు గింజలు వండి, మెతుకులు ఆకలిగొన్న అతిథికి పెట్టి, తనకని ఉంచుకున్న గంజిని పడుగుకు పూశాడు. తాను పస్తున్నాడు. దారం నిలిచింది, దేవతల మానం నిలిచింది. 'శాలోడి పడుగు నిలిచినన్నాళ్లు నీ పేరు నిలుస్తది' అని రుషి వరమిచ్చాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది ఎంత బాగా అతికిందంటే, చెప్తున్న నాగయ్యకే వెగటు పుట్టింది. తండ్రి గొంతు ఎప్పుడు పోయిందో పోయింది, తన నోట్లో ఓదెలు మాట్లాడుతున్నాడు.

ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ముందు వరసలో ముసలి భూమయ్య లేచి, "మా నాయిన గూడ గిదే ముచ్చట చెప్పెటోడు, అక్షరం పొల్లు పోలే!" అన్నాడు. ఆ మరక పుట్టి అయిదేళ్లయింది, ఆ కథ పుట్టి అయిదు నిమిషాలు కాలేదు.

ఓదెలు జనాన్ని తోసుకుంటూ వచ్చి నాగయ్య కాళ్ల మీద పడ్డాడు.

"అన్నా, నాది పాపపు నోరు. ఎన్ని జెప్పినా కడకు గిదంత అబద్ధమని నేనే అన్నా, నీ పానం సాక్షి. అసలుది ఉన్నదని ఎర్కలేదే! ఎర్కుంటే అందునా?"

నాగయ్య కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. కథ చివర ఓదెలు అబద్ధమని ఒప్పుకుంటాడన్న మాట అతను వినడం అదే మొదలు. పదేళ్లుగా తాను రోసిన మనిషి ప్రతి కథకూ ఇది అబద్ధమని చెప్పి మరీ లేచేవాడు. తాను చెప్పలేదు. ఇక చెప్పలేడు కూడా.

పూనం పటం దగ్గరికి వచ్చింది. మరక మీద వేలు పెట్టి, "ఖరంచ్ మామా? నిజంగనేనా? గీయన మా తాతనా?" అంది. తర్వాత ముఖం దగ్గరగా పెట్టి, "ఆ, దిస్తోయ్! చేతుల కుండ కూడ కనవడ్తుంది," అని అక్కడున్న స్నేహితురాళ్లను పిలిచింది.

నాగయ్య లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. విస్తరి వేశారు, అన్నం పెట్టారు. చెయ్యి ముందుకు పోలేదు. తన మీద తనకే కంపు కొడుతున్నట్టుంది. కనకవ్వ కూర గిన్నెతో వచ్చి ఎదురుగా కూర్చుంది. గదిలో ఇంకెవరూ లేరు.

"చెల్లే, నేను చెప్పింది..." అన్నాడు.

"నాకెర్కే అన్నా. నువ్వేదన్న మంచిది అల్లుతవనే నీ దగ్గరికొచ్చిన." ఆమె గొంతు తగ్గించింది. "అసలుది మా మామ నాకు చెప్పిండు. ఆయన తాత కాలంల కరువట. ఇంట్ల గింజ లేదు. పడుగుకు పూయమని సావుకారి ఇచ్చిన పిండితోని గంజి కాసి, ఇంటిల్లిపాది తాగిన్రట. సావుకారి గా ముసలాయనను చౌరస్తల పొద్దంత నిలవెట్టిండట. ఊరోళ్లు వచ్చి చూసి నవ్విన్రట. గప్పటిసంది గంజోళ్లు. ఓదెలుకు గిదేం తెల్సు? నోటికొచ్చింది అన్నడు, అది పోయి పోయి నిజానికే తాకింది."

"బుచ్చిరాములుకు ఎర్కేనా?" అన్నాడు నాగయ్య.

"ఎర్కే. గందుకే ఆనాడు అందరికంటె ముందుగాల నవ్విండు. ఎవలూ నిజమనుకోవద్దని. ఇంటికొచ్చి ఆ పూట బువ్వ ముట్టలే."

బయట పూనం ఎవరికో మరక చూపిస్తూ చెబుతోంది, గొంతు ఖంగుమని వినబడుతోంది. కనకవ్వ అటు చూసి, కూర వడ్డించి, "పొల్లకు చెప్పకు. తిను అన్నా," అంది.

నాగయ్య ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకుంటే కక్కు వచ్చేలా ఉంది. అయినా తిన్నాడు. విస్తట్లో ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాడు.