గడప బయటి క్రిస్మస్

మా నాయన మొండి మనిషి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. చర్చికి పోయే ఇంటి అబ్బాయిని చేసుకుంటానని చెప్పినప్పుడు ఆయన నన్ను తిట్టలేదు, చెయ్యి ఎత్తలేదు. నేరుగా ఊళ్ళోకి వెళ్ళి, పదిమంది ముందర, "దాని ఇంటి గడప తొక్కితే నేను మనిషినే గాదు" అని మాటిచ్చి వచ్చాడు. వచ్చి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. వడ్డించడానికి ఆ ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. నేనే వడ్డించాను, ఆయన తిన్నాడు.

మాది యాడికి అనే ఊరి దగ్గర పల్లె. పెళ్ళయ్యాక బుక్కరాయసముద్రంలో కాపురం పెట్టాం. నేనూ మా ఆయనా ఒకే బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం. ఇంట్లో మాతోపాటు అత్త ఉండేది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నోరు పదును, చెయ్యి మెత్తన. సూది వేసేటప్పుడు కూడా రోగిని తిడుతూ వేసేదట, తిట్టు పూర్తయ్యేలోపు సూది తీసేసేదట.

ఇంటి ముందు ఒక తోట ఉండేది. తోట అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక కానుగ చెట్టు, ఒక దానిమ్మ, కరివేపాకు, నాలుగు పాదుల కనకాంబరాలు. కుళాయి నీళ్ళు వచ్చే రోజు వచ్చేవి, రాని రోజు రావు. అందుకని బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు అన్నీ బకెట్లో పట్టి అత్త వాటికే పోసేది. ఆ తోట మా ఎంగిలి నీళ్ళతో బతికింది.

మా పాపకు మాటలు వస్తున్న రోజుల్లో ఒక పొద్దున గేటు చప్పుడైంది. చూస్తే నాయన. భుజం మీద శనక్కాయల సంచి. గేటు బయటే నిలబడి ఉన్నాడు. పరుగెత్తుకుంటూ పోయి, "లోపలికి రా నాయనా" అన్నాను.

"మాటిచ్చినా గదా" అన్నాడు. సంచి గేటు మీదుగా అందించాడు. నా చంకలో ఉన్న పాపను చూశాడు. పాప ఆయన మీసం పట్టుకోబోతే తల ముందుకు వంచాడు, పట్టుకోనిచ్చాడు. "బస్సుకు పొద్దయితాండాది" అని వెళ్ళిపోయాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. సంచి తీసి వంటింట్లో విసిరికొట్టాను. కాయలన్నీ దొర్లిపోతే అత్త కూర్చుని ఒక్కొక్కటే ఏరుతూ అడిగింది.

"మీ నాయన ఏమని మాటిచ్చినాడు? సరిగ్గా చెప్పు."

"గడప తొక్కనని."

"గడపే గదా? తోట తొక్కనని అన్లేదు గదా?"

ఆ తర్వాత నెలకో రెండు నెలలకో నాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి నన్ను కదలనివ్వకుండా అత్తే గేటు దగ్గరికి వెళ్ళింది. నేను కిటికీలోంచి వింటున్నాను.

"అన్నా, నువ్వు ఇంట్లోకి రావద్దులే. నీ మాట నీకుండనీ. ఈసారి క్రిస్మస్ మేము తోటలో చేస్తాండాం. అన్నం ఆడే, పాటలు ఆడే, పడక గూడా ఆడే. గేటు దాటొచ్చునా, అది గూడా దాటగూడదా?"

నాయన చాలాసేపు ఆలోచించాడు. చేను గట్టు తగాదాలో కూడా అంత ఆలోచించి ఉండడు.

"గేటు గురించి ఏమీ అన్లేదమ్మా" అన్నాడు చివరికి.

అప్పటిదాకా మా ఇంట్లో క్రిస్మస్ అంటే వాకిట్లో ఒక కాగితం నక్షత్రం, ముందు గదిలో యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ, అంతే. ఆ ఏడు మొత్తం పండగను బయటికి మోసుకొచ్చాం. మా ఆయన మాత్రం, "డిసెంబరు చలిలో బయటేంటమ్మా?" అని సణిగాడు. "చలికి కంబళి ఉండాది. పట్టుదలకు ఏముండాది చెప్పు?" అంది అత్త. ఆయన నోరు మూసుకుని నిచ్చెన తెచ్చాడు.

కానుగ చెట్టుకు నక్షత్రం కట్టాం. లోపల బల్బు పెట్టడానికి వంటింటి కిటికీలోంచి వైరు లాగాం. దారి పొడవునా రాళ్ళు పేర్చి సున్నం కొట్టాం. నాయన తెచ్చిన శనక్కాయలకే వెండిరంగు పూసి, దారానికి గుచ్చి, దానిమ్మ కొమ్మలకు వేలాడదీశాం. రంగు కాగితాలు కత్తిరించడం నా పని. ఇల్లలకగానే పండగ కాదని తెలుసు. ఆయన రాకపోతే ఇదంతా ఎవరికని ఒక్కోసారి కత్తెర పక్కన పెట్టి కూర్చునేదాన్ని. అత్త నా వైపు చూసి, "కత్తిరించు. వచ్చేదీ రానిదీ ఆయన ఇష్టం. తోరణం మన ఇష్టం" అనేది.

అన్నిటికన్నా అత్త ముద్దుగా పెంచుకున్నది పైరు. ఆమె చేసే పశువుల పాక చుట్టూ ఎప్పుడూ పచ్చగా ఉండాలి. అందుకని పండగకు కొన్నాళ్ళ ముందే కొర్రలు నానబెట్టి, మట్టి మీద సందు లేకుండా దట్టంగా చల్లి, తడిగుడ్డ కప్పేది. పండగనాటికి వేలెడు ఎత్తున, చాప పరిచినట్టు పచ్చిక లేచేది. మాకు చుట్టుపక్కల ఎక్కడా పచ్చన లేని కాలంలో అది చూడటానికే చర్చివాళ్ళు వచ్చేవాళ్ళు. ఈసారి పాకను కానుగ చెట్టు కింద పెట్టి, పళ్ళెంలో కాకుండా నేలలోనే చల్లింది. పిచ్చుకలు రాకుండా, పక్కింటి కోళ్ళు రాకుండా కర్ర పట్టుకుని కాపలా కాసింది. తాగే నీళ్ళలోంచి చెంబు తీసి చిలకరించేది.

పండగ ముందు రోజు నాయన వచ్చాడు. గేటు దాటాడు! ఆయన చెప్పు గేటుకు ఇవతలి మట్టి మీద పడటం నా కళ్ళతో చూశాను. తోటంతా ఒకసారి తిరిగి చూశాడు. వెండిరంగు శనక్కాయల దగ్గర ఆగి, "తినే గింజకు రంగేందప్పా?" అన్నాడు. సాయంత్రం నులక మంచం మీద పాపను పక్కన కూర్చోబెట్టుకుని, నక్షత్రంలో బల్బు వెలిగేసరికి పాప చప్పట్లు కొడితే, తానూ కొట్టాడు. ఆయన చప్పట్లు కొట్టడం నేను చూడటం అదే మొదటిసారి.

తెల్లవారి లేచి ముగ్గు వేయడానికి బయటికి వచ్చాను. నాయన పాక ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతులనిండా మట్టి. పక్కన పీకేసిన కొర్ర మొలకల కుప్ప. అత్త చాపలా పరిచిన పచ్చికంతా పోయి, జానెడు దూరానికొక సాలు, సాల్లో బెత్తెడు దూరానికొక మొలక మిగిలాయి. మధ్యలో అంతా ఎర్రమట్టి. మట్టిబొమ్మ గొర్రెలు ఆ సాళ్ళ మధ్య దిక్కులు చూస్తున్నాయి.

"ఎవరు చల్లినారు ఇంత ఒత్తుగా?" అన్నాడు నాయన, నన్ను చూసి. ముఖం వెలిగిపోతోంది. "ఇట్ల వదిలేస్తే ఒక్క కంకి గూడా రాదు. కోడి కూసినప్పటి నుంచి పలచన చేస్తాండా. అయిపోయింది."

వెనక అత్త వచ్చి నిలబడింది. ఆమె నోరు నాకు తెలుసు. ఇంత కష్టపడి ఆయన్ను గేటు దాటించాం, ఇప్పుడు ఈమె ఒక్క మాట అంటే మళ్ళీ జన్మలో రాడు. అత్త ఆ మట్టిని చూసింది, మొలకల కుప్పను చూసింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"మంచి పని చేసినావన్నా" అంది. "నాకు సేద్యం తెలీదు. తెలీక ఒత్తుగా చల్లినా."

అంతటితో గండం గడిచేదే. కానీ ఆరాధన అయ్యాక చర్చి నుంచి వచ్చినవాళ్ళలో ఒకావిడ, "అయ్యో, ఈసారి పచ్చిక ఎవరు పీకేసినారు? మీ అలంకరణంతా పాడాయె గదమ్మా!" అని గట్టిగా అనేసింది. నాయన విన్నాడు. అది పంట కాదని, అలంకారమని ఆయనకు అప్పుడు అర్థమైంది. జీవితమంతా వాన కోసం ఆకాశం చూసిన మనిషి. కొర్రలను కంకి కోసం కాక చూడటం కోసం చల్లుతారని ఆయనకు ఎలా తెలుస్తుంది? తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"యాడికి పోతాండావన్నా?" అంది అత్త.

"ఊరికి. నాకు మీ పద్ధతులు తెలీవు."

"పైరును పలచన చేసినోడు కోతకు ముందే పోతాడా? అట్లాంటి రైతును నేను యాడా చూళ్ళేదు. ఈ కోళ్ళనెవరు తోలల్ల? కోసేదెవరు? నేనా?"

నాయన ఆమె ముఖంలోకి చూశాడు, ఎగతాళి చేస్తోందేమోనని. అత్త నవ్వలేదు. పళ్ళెంలో పులిహోర, కోడికూర పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన నిలబడే రెండు ముద్దలు తిన్నాడు. ఆ తర్వాత కూర్చున్నాడు. నేను కరివేపాకు చెట్టు వెనక్కి పోయి తనివితీరా ఏడ్చాను.

అత్త ఆ పైరును నిజంగానే పెంచింది. దాన్ని చూడటానికి నాయన రెండు మూడుసార్లు వచ్చాడు. ఎండలు ముదిరేలోపు వచ్చి కోశాడు. దంచితే ఒక పూటకు వచ్చాయి కొర్రలు. అందరం తోటలోనే తిన్నాం. అప్పటి నుంచి మా క్రిస్మస్ ప్రతి ఏడూ బయటే. కొర్రలు చల్లడానికి నాయన ముందే వచ్చేవాడు, సాళ్ళు తీసి పలచగా చల్లేవాడు. మా పశువుల పాక పచ్చికలో కాదు, చేలో ఉంటుందని చర్చిలో పేరు పడింది. కరువు ముదిరి చెరువు అడుగు కనిపించిన ఏడు కూడా వచ్చాడు. వానొచ్చిన ఏడు గొడుగు పట్టుకుని తోటలో తిన్నాడు గానీ లోపలికి మాత్రం రాలేదు. నాకు కోపం రాకపోలేదు. ఒకసారి పోట్లాడాను కూడా. "మాట మాటే తల్లీ" అన్నాడు.

తర్వాత ఒక ఏడు డిసెంబరు మొదట్లో, నాయన కొర్రలు చల్లి వెళ్ళాక, అత్త స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మంచం ముందు గదిలో వేశాం, లేచి నడవడానికి లేదు. పండగ వద్దనుకున్నాం. అత్త ఒప్పుకోలేదు. "మీ నాయన వస్తాడు. తోట బోసిగా ఉంటే ఏమనుకుంటాడు?" అని మంచం మీద నుంచే మా ఆయన్ను నిచ్చెన ఎక్కించింది. అన్నీ కట్టాం.

పండగనాడు మధ్యాహ్నం చాపలు పరిచి పళ్ళేలు పెట్టాను. నాయన కూర్చుని, చెయ్యి కడుక్కుని, అటూ ఇటూ చూశాడు.

"అక్క యాడ?"

అంతవరకూ ఆయన అత్తను ఏ వరసా పెట్టి పిలిచి ఎరగడు. ముఖాముఖి అమ్మా అనేవాడు, మాతో చెప్పేటప్పుడు ఆయమ్మ అనేవాడు.

"జారిపడి తుంటి విరిగింది నాయనా, లేవలేదు. లోపలికి తీసుకుపోయి పెడతాను."

"ఒక్కతే తింటాదా?"

నాయన లేచాడు. నా చేతిలోంచి అత్త పళ్ళెం తీసుకున్నాడు. ఇంకో చేత్తో తన పళ్ళెం తీసుకున్నాడు. మెట్టు దగ్గర చెప్పులు విడిచాడు.

"నాయనా, మాటిచ్చినావు గదా" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఇన్నేళ్ళూ నేను కోరుకున్నది అదే, తీరా జరుగుతుంటే భయమేసింది.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"మాటిచ్చింది ఊరికి. ఊరొచ్చి ఈమెకు అన్నం పెడతాదా?" అని గడప దాటి లోపలికి పోయాడు.

లోపల నుంచి అత్త గొంతు వినిపిస్తుందేమోనని నిలబడ్డాను. ప్రతిదానికీ ఒక మాట ఉండే మనిషి, ఏమీ అనలేదు. మంచం కిర్రుమన్న చప్పుడు మాత్రం వచ్చింది, ఎవరో జరిగి చోటిచ్చినట్టు. మా ఆయన నా వైపు చూశాడు. పాప అప్పటికే తన పళ్ళెం పట్టుకుని తాత వెనక పోయింది. మేమిద్దరం కూర గిన్నె, అన్నం గిన్నె ఎత్తుకున్నాం. అంత అలంకరించిన తోటలో ఆ రోజు ఎవరూ తినలేదు.