చెయ్యి దించేదాకా

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన చక్కటి పేరొకటి ఉంది. యూనివర్సిటీలో జీతాల ఆఫీసు తప్ప దాన్ని ఎవరూ వాడరు. ఆమె పనిచేసే పరిశోధన గ్రూపు పెద్దాయన మొదలుకొని గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె తుమ్ములక్క. చిన్నవయసులో తుమ్మిన ఒక్క తుమ్ముకి ఇరవయ్యేళ్లుగా మోస్తున్న బిరుదు అది. లోకానికి మనం చేసిన మంచి గుర్తుండదు గానీ ఇలాంటివి మాత్రం భేషుగ్గా గుర్తుంటాయి.

వాళ్ల గ్రూపు చేసే పని బయటివాళ్లకి వింతగా ఉంటుంది. గదిలో మాట పుట్టాక ఏ గోడకి కొట్టుకుంటుంది, ఎంతసేపు తచ్చాడుతుంది, ఎక్కడ చచ్చిపోతుంది అన్నది లెక్క తేలుస్తారు. కొత్త హాలు కట్టారంటే దాని మధ్యలో బుడగల మాస్టారు నిలబడతాడు. ఆయన నిజానికి లెక్చరర్, పెద్ద చదువే చదివాడు, అయినా బుడగలు పగలగొట్టే పని మాత్రం ఇంకొకరి చేతికివ్వడు. కుండంత రబ్బరు బుడగ ఊది పట్టుకుంటాడు. మైకుల దగ్గర తుమ్ములక్క కూర్చుంటుంది. పెద్దాయన కుడిచెయ్యి పైకెత్తుతాడు. అంతే, ఇక ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు, కాలు కదపకూడదు. సూది గుచ్చగానే బుడగ ఢామ్మంటుంది. ఆ మోత గోడలన్నీ చుట్టి, నీరసపడి, సన్నగిల్లి పోయేదాకా మైకులు వింటాయి. మోతకంటే అది పోయే తీరే వాళ్లకి ముఖ్యం. పెద్దాయన చెయ్యి దించేదాకా నెత్తిన పిడుగు పడ్డా నోరు విప్పకూడదని గ్రూపులో చేరిన మొదటిరోజే చెబుతారు. చెప్పేటప్పుడు నవ్వుతూనే చెబుతారు.

ఆమె తుమ్మింది ఒక పాత నాటకశాలలో. ఆ హాల్లో గొంతు ఎంత హాయిగా వినిపిస్తుందో ఊళ్లో వాళ్లందరికీ తెలుసు, ఎందుకలా వినిపిస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. మర్నాడు దాన్ని కూల్చేస్తారనగా గ్రూపుకి ఒక్క పూట అనుమతి దొరికింది. పక్కల నుంచి, వెనక నుంచి తీసిన రికార్డింగులన్నీ బాగానే వచ్చాయి. అసలైనది, వేదిక మధ్యలో బుడగ పగలగొట్టి తీసింది, సగంలో ఉండగా ఈవిడ తుమ్మింది. మళ్లీ తీద్దామంటే కూల్చేవాళ్లు తలుపు దగ్గర సుత్తులతో నిలబడి ఉన్నారు. పెద్దాయన తిట్టలేదు. చెయ్యి నెమ్మదిగా దించి, మైకులు సర్దమన్నాడు. ఆయన నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆమె నాలుగు రోజులేడ్చి ఊరుకునేదేమో.

అప్పట్నుంచి ఆమె నిశ్శబ్దంగా ఉండటం ఒక విద్యలాగా నేర్చుకుంది. తుమ్ము వచ్చేలా ఉంటే నాలుక అంగిటికి ఎలా నొక్కాలో, దగ్గుని ఎలా మింగాలో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలియదు. గుడ్డ చెప్పులు వేసుకునేది. చేతికి గాజులు వేసుకోలేదు. ఇంట్లో తలుపు రెండు చేతులతో పట్టుకుని మూసేది. భర్త సిటీ బస్సు డ్రైవరు. హారన్ల మధ్య, ఇంజను పక్కన మాట్లాడి మాట్లాడి గొంతు పెరిగిపోయిన మనిషి. "ఇంట్లోకొస్తే నాకు చెవుడొచ్చిందేమోనని భయమేస్తుందే! ఒక్కసారి గిన్నె కింద పడెయ్యరాదూ?" అని వేళాకోళమాడేవాడు. ఆమె నవ్వేది, ఆ నవ్వుకీ చప్పుడుండేది కాదు.

వాళ్లకి ఒక్కతే కూతురు. పసిదాన్ని చూసుకునే దిక్కులేక లాబ్‌కే వెంటబెట్టుకెళ్లేది. లాబ్‌లో గోడలన్నీ స్పాంజి ముక్కలతో కప్పిన గదొకటి ఉంది, అందులో ఎంత అరిచినా మాట పెదాల దగ్గరే ఆగిపోతుంది. పిల్ల మధ్యాహ్నాలు అక్కడే నిద్రపోయేది. అమ్మ పెదవుల మీద వేలు పెట్టిందంటే ఆట, ఏడుపు, ఆకలి అన్నీ ఆపెయ్యాలని మాటలు రాకముందే నేర్చుకుంది. మోకాలు చెక్కుకుపోయినా, వేలు చూస్తే కళ్లలో నీళ్లు నింపుకుని కూర్చునేది తప్ప కిక్కురుమనేది కాదు. అది చూసి గ్రూపంతా ముచ్చటపడేది. ఆ ముచ్చటలో ఏముందో అప్పుడెవరికీ తట్టలేదు, కన్నతల్లికైనా తట్టలేదు.

ఆ ఏళ్లలో గ్రూపుకి మంచి పేరొచ్చింది. కోర్టు హాల్లో సాక్షి చెప్పేది జడ్జిగారికి వినపడక కేసులు వాయిదా పడుతుంటే, గోడలకి చెక్కపలకలు కొట్టించి బాగుచేశారు. రైల్వే స్టేషన్లో మైకులో చెప్పేది మనుషుల భాషేనని జనానికి తెలిసొచ్చేలా చేశారు. పెద్దాసుపత్రి ఎముకల వార్డులో రోగులకి నిద్ర లేదంటే తలుపులకి రబ్బరు, బండ్లకి మెత్తటి చక్రాలు, పైన పీచు పలకలు పెట్టించి, పక్క మంచం మూలుగు ఈ మంచానికి వినపడకుండా చేశారు. ఆ వార్డుకి బహుమతి కూడా వచ్చింది. బహుమతి సభలో పెద్దాయన ఇవన్నీ తెరమీద చూపించి, చివర్లో ముందు వరుసలో తల్లి ఒళ్లో కూర్చున్న మూడేళ్ల పిల్లని చూపించాడు.

"ఇదీ మా గ్రూపు సాధించిందే. గంట నుంచీ చూస్తున్నా, ఒక్క చప్పుడు చేస్తే ఒట్టు!" అన్నాడు.

సభంతా చప్పట్లు కొట్టింది. తుమ్ములక్కకి జన్మలో అంత గర్వం ఎప్పుడూ కలగలేదు. తుమ్ము మచ్చ కొంత చెరిగినట్టే అనిపించింది.

పిల్ల కాలేజీకి వచ్చే నాటికి యూనివర్సిటీ కొత్త సభాభవనం మొదలెట్టింది. అందులో శబ్దం సంగతంతా గ్రూపుకే అప్పజెప్పారు. పెద్దాయన రిటైరయ్యే లోపు చేసే ఆఖరి పని అది. వేదిక మీద గుసగుసలాడినా చివరి వరుసకి అందాలన్నది ఆయన పంతం. అందుకని వేదిక అంచు నుంచి ముందు వరుసల దాకా పైకప్పుకి పెద్దపెద్ద చెక్కపలకల్ని ఉక్కు తీగలతో వేలాడదీశారు. మాట పైకి పోయి అక్కడే పోకుండా అవి కిందికి తోస్తాయి. తెల్లగా, కాస్త వంపుగా ఉంటాయని వాటిని మబ్బులని పిలిచేవారు. ఒక్కో మబ్బు బరువు ఎంతో కిందనుంచి చూస్తే తెలియదు.

మబ్బులు కట్టిన కొన్నాళ్లకి ఆమె ఖాళీ హాల్లో మైకులు సర్దుతుంటే పైన ఎక్కడో టిక్కుమంది. చిన్న చప్పుడు, గోరుతో గోరు కొట్టినట్టు. తలెత్తి చూస్తే ఏమీ లేదు. మర్నాడు మళ్లీ అంది. వెళ్లి పెద్దాయనకి చెప్పింది.

"కొత్త భవనమమ్మా, ఏసీ వేస్తే ఇనుము ముడుచుకుంటుంది, ఆపితే సాగుతుంది. కొన్నాళ్లు అలా మాట్లాడుతూనే ఉంటుంది" అన్నాడాయన.

అలాగని కొట్టిపారెయ్యలేదు, పాపం. కాంట్రాక్టరు మనిషిని పిలిపించాడు. అతను నిచ్చెనెక్కి, రెండు మబ్బుల్ని చేత్తో ఊపి చూసి, ఏనుగు వేలాడినా ఏం కాదని చెప్పి దిగిపోయాడు. మిగతావి ఊపలేదు. తుమ్ములక్క మనసు తేలికపడింది. అయినా ఆ తర్వాత ఆ హాల్లోకి వచ్చినప్పుడల్లా గుమ్మంలో ఆగి ఒకసారి పైకి చూసేది. అది తనకే తెలియకుండా అలవాటైపోయింది.

ప్రారంభానికి ముందురోజు ఆఖరి కొలత. మనుషులు కూర్చుంటే హాలు వేరుగా పలుకుతుంది, బట్టలూ ఒళ్లూ శబ్దాన్ని తాగేస్తాయి. అందుకని కుర్చీలు నింపడానికి విద్యార్థుల్ని పిలిచారు. తుమ్ములక్క కూతుర్ని కూడా రమ్మంది. భోజనాలయ్యాక అందరూ వచ్చి కూర్చున్నారు. ముందువైపు మైకు పక్కనే ఆమె స్టూలు. కూతురు స్నేహితులతో వెనక్కి పోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇక్కడ, రెండో వరుస చివర కూర్చో. నాకు కనిపిస్తుంటావు."

"నేనేమన్నా చిన్నపిల్లనా అమ్మా?"

"కాదులే, కూర్చో."

కూతురు నవ్వి కూర్చుంది. ఆ కుర్చీ చూపించింది తల్లే, మరెవరూ కాదు. తర్వాత ఎంతమంది ఎన్ని విధాల ఓదార్చినా ఆమె ఇది మర్చిపోలేదు.

బుడగలన్నీ అనుకున్నట్టే పేలాయి. మాస్టారు సంబరంగా కనుబొమలెగరేశాడు. ఇక మిగిలింది ఒక్కటే, నిండిన హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందో రికార్డు చెయ్యడం. దానికి బుడగ అక్కర్లేదు, మనుషులు ఊరుకుంటే చాలు. ఏసీ ఆపేశారు. పెద్దాయన వేదిక మీద నిలబడి చెయ్యెత్తాడు. అంతమంది కుర్రకారు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఇన్నేళ్లూ ఆయన వెతుకుతున్న నిశ్శబ్దం అదే.

టిక్.

కూతురు తలెత్తింది. సరిగ్గా తన నెత్తిమీదే, మబ్బు ఒక మూల తక్కినవాటికంటే కాస్త కిందికి ఉంది. పిల్ల ముఖంలో రంగు మారింది. తల్లివైపు తిరిగి నోరు తెరిచింది.

తుమ్ములక్కకీ ఆ చప్పుడు వినిపించింది. కూతురి కళ్లలో భయమూ కనిపించింది. ఎత్తి ఉన్న పెద్దాయన చెయ్యీ కనిపించింది. అప్పుడు ఏం ఆలోచించావని తర్వాత చాలామంది అడిగారు. ఆలోచిస్తే బాగుండేది. ఇరవయ్యేళ్ల అలవాటుకి ఆలోచనతో పనిలేదు. ఆమె వేలు దానంతటదే పెదవుల మీదికి వెళ్లింది.

కూతురు నోరు మూసుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, చిన్నప్పటిలాగే, నిటారుగా కూర్చుంది.

మళ్లీ టిక్కుమంది. ఈసారి వెనక వరుసల్లో కూడా తలలు లేచాయి, నోళ్లు లేవలేదు. తుమ్ములక్క స్టూలు మీంచి లేచింది. అరవాలనుకుంది. గొంతు తెరుచుకోలేదు. ఇన్నేళ్లు మింగీ మింగీ, అరవడం ఎలాగో ఆ గొంతుకి గుర్తులేదు. చేతులు చాచి రెండడుగులు వేసింది, గుడ్డ చెప్పుల్తో, చప్పుడు లేకుండా. మూడోసారి టిక్కుమని తీగ జారిపోయింది.

మబ్బు పడిన మోత హాలంతా చుట్టింది. గోడల నుంచి గోడలకి పోయి, చివరి వరుస దాకా వెళ్లి, తిరిగొచ్చి, సన్నగిల్లింది. అది పూర్తిగా పోయేదాకా ఒక్కరూ కేక వెయ్యలేదు. తెల్లటి దుమ్ములో పెద్దాయన చెయ్యి ఇంకా పైకే ఉంది.

పిల్ల బతికింది. ఎడమ భుజం నుజ్జయింది. చెయ్యి తియ్యక్కర్లేదు గానీ, ఇక పైకి లేవదన్నారు డాక్టర్లు. పక్క కుర్చీల వాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. మబ్బు మూలన తీగని పట్టే బిళ్ల సగమే బిగించారని విచారణలో తేలింది. టిక్కుమన్నప్పుడల్లా తీగ కాస్త కాస్త జారుతోందట. బుడగల మాస్టారు ఆసుపత్రి వరండాలో ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు.

"రికార్డింగ్ విన్నామక్కా. మొదటి చప్పుడుకీ మూడోదానికీ మధ్య ముందు వరుసలన్నీ ఖాళీ చేసేంత సమయముంది. ఒక్క దగ్గు కూడా లేదు. అంత శుభ్రంగా మనమెప్పుడూ..." అని, తనేమంటున్నాడో తెలిసి ఆగిపోయాడు. పెద్దాయన గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాలేక వెళ్లిపోయాడని కూడా చెప్పాడు.

కూతుర్ని పెట్టింది గ్రూపు బాగుచేసిన ఎముకల వార్డులోనే. తలుపు మూస్తే తెలియదు, బండి వస్తే తెలియదు. బస్సు డ్రైవరు కూడా అక్కడ గొంతు తగ్గించుకుని, టోపీ చేత్తో పట్టుకుని నిలబడేవాడు. రోజూ కట్టు మార్చేటప్పుడు పిల్ల పళ్లు బిగించి, దుప్పటి కొస పిడికిట పట్టుకుని, కప్పుకేసి చూస్తూ పడుకునేది. కళ్లవెంట నీళ్లు కారిపోయేవి. చప్పుడు మాత్రం రాదు.

"ఎంత ఓర్పండీ మీ అమ్మాయికి! పెద్దవాళ్లే గావుకేకలు పెడతారు" అన్నాడు డాక్టరు మెచ్చుకోలుగా. అచ్చం ఆనాటి సభలోలాగే.

ఆయన వెళ్లాక తుమ్ములక్క మంచం మీదికి వంగింది.

"అరువమ్మా. నొప్పేస్తే అరువు. నిన్నెవరూ ఏమీ అనరు. నా తల్లివి కదూ, గట్టిగా అరువు."

కూతురు ఆమె ముఖంలోకి చూసింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. అవి ఉంటే ఆమె తట్టుకునేదేమో.

"నాకు ముందే తెలిసిందమ్మా అది పడుతుందని. చెబుదామనుకున్నా. నువ్వు వద్దన్నావుగా" అంది.

అప్పుడు తుమ్ములక్క లోపల ఏదో తెగింది. గొంతు చీల్చుకుని పెద్ద ఏడుపు బయటికొచ్చింది, ఇరవయ్యేళ్లుగా ఆమె నోట ఎవరూ వినని చప్పుడు. పీచు పలకలు దాన్ని ఆపలేకపోయాయి. పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. నర్సు పరుగున వచ్చి, గుమ్మంలో నిలబడి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

అది చూసి మంచం మీద కూతురు ఠక్కున ఊపిరి బిగబట్టింది. తల్లి అదీ చూసింది. ఆమె మాత్రం ఏడుపు ఆపలేదు.