మేడం కొట్టేసిన పదకొండు

ఇవాళ పొద్దున అలమర సర్దుతుంటే పాత లోషన్ సీసా ఒకటి దొరికింది. మూత తీయగానే గులాబీ వాసన. లోపల నూనె పైకి తేలి, నీళ్లు అడుగున నిలిచి ఉన్నాయి. సుగుణ మేడం కళ్లు గుర్తొచ్చాయి. నా మీద నాకే కోపమొచ్చింది.

ఎనభైల చివర్లో ఫిల్మ్‌నగర్ బండరాళ్ల మధ్య ఓ రేకుల షెడ్డులో మేడం సినిమావాళ్లకు మేకప్ తుడిచే లోషన్ తయారుచేసేవారు. గుంటూరు మనిషి, కెమిస్ట్రీ చదువుకున్నారు. ఆదివారం చర్చిలో, మిగతా ఆరు రోజులూ మైక్రోస్కోపు ముందు తల వంచేవారు. నేను డిగ్రీ అయ్యాక యూసుఫ్‌గూడ నుంచి నడిచొచ్చి ఆవిడ దగ్గర పనిచేసేదాన్ని. లోషన్‌లో నూనె కంటికి ఆనని బొట్లుగా నీళ్లలో తేలుతుంటుంది. బొట్టు పైపొర మీద కాస్త విద్యుత్తు ఉంటుంది, అదే బొట్లను ఒకదానికొకటి అంటుకోనివ్వదు. అది తగ్గితే బొట్లు కలిసిపోయి లోషన్ విరుగుతుంది. అందుకని సన్నటి గాజుగొట్టంలో కరెంటు పెట్టి, మైక్రోస్కోపులో కనిపించే ఒక గీత నుంచి ఇంకో గీతకు బొట్టు ఎన్ని సెకన్లలో వెళుతుందో స్టాప్‌వాచీతో చూడాలి. నెమ్మదిగా పోతే బలం లేనట్టే.

"వెళ్లేటప్పుడు చూస్తే చాలదమ్మా. నీళ్లు కూడా కాస్త కదిలి బొట్టును తోస్తుంటాయి. కరెంటు తిప్పి, వెనక్కొచ్చేటప్పుడూ చూడు," అనేవారు మేడం.

ఒక మధ్యాహ్నం పక్క బండల మీద పాట షూటింగ్. హీరోయిన్‌ను చూడాలని నాకు కాలు నిలవలేదు. బొట్టు వెళ్లడానికి ఆరు సెకన్లు పట్టింది. అది వెనక్కి రావడం చూడకుండానే అక్కడా ఆరు రాసేసి పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి మేడం స్వయంగా చూస్తున్నారు. పుస్తకంలో నా అంకె పక్కన ఆవిడ అంకె ఉంది.

"వెనక్కి రావడానికి నాకు పదకొండొస్తోందేంటమ్మా? నువ్వు సరిగ్గా చూశావా?"

"చూశానండీ."

పదకొండైతే సరుకు ఆపాల్సిందే. మేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే నా కళ్లే మందగించాయి," అని తన పదకొండును కొట్టేసి, నా ఆరు కింద సంతకం చేశారు.

వారం తిరక్కుండా మేకప్‌మ్యాన్ యాదయ్య సీసాల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఏందమ్మా గిది? నూనంత మీదికొచ్చింది. మొఖానికెట్ల రాయాలె?"

"తప్పు నాదే యాదయ్యా, నాకు చూపు ఆనట్లేదు," అన్నారు మేడం. నేను పక్కనే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. ఉద్యోగం పోతుందన్న భయం కొంత, సిగ్గు ఎక్కువ. మర్నాటి నుంచి ఆవిడ మైక్రోస్కోపు ముందు కూర్చోలేదు. ఆ స్టూలు నాదైంది.

షెడ్డు మూసేశాక, తొంభైల్లో ఒకసారి ఎర్రగడ్డ మార్కెట్లో ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. అంత జనంలో, అంత దూరం నుంచి నన్ను గుర్తుపట్టింది మేడమే. దగ్గరికి వెళితే నవ్వుతూ బెండకాయల రాశి చూపించారు. "మంచివేళకొచ్చావు. లేతవి నువ్వే ఏరిపెట్టు తల్లీ. నా కళ్లను నేను నమ్మను."

అరకిలో ఏరి సంచిలో వేశాను. అప్పుడూ చెప్పలేదు. రెండేళ్లకు ఆవిడ పోయారని తెలిసింది.

ఆ తర్వాత ఎన్ని చోట్ల పనిచేసినా పోకా రాకా రెండూ చూడకుండా ఏ అంకెనూ రాయలేదు. అందరూ నా జాగ్రత్తను మెచ్చుకున్నారు. ఆ మెప్పు మేడంకి దక్కాల్సింది. ఆవిడకు నేను ఇవ్వాల్సిన మాట మాత్రం ఒక్కటే ఉంది, అది ఇంకా నా దగ్గరే ఉండిపోయింది: మీ కళ్లకేమీ కాలేదు మేడం.